చిత్రఫలక సంస్కారము: నాడు, నేడు

 

జీర్ణోద్ధరణము పూర్తియై మహాసంప్రోక్షణమునకు సిద్ధమైన ఆలయమున అడుగిడు భక్తుని దృష్టి ముందుగా విమానము మీదను, ధ్వజస్తంభము మీదను, పిదప మండపమునందలి చిత్రముల మీదను నిలుచుట సహజము. ముఖమండపమున పై వరుసలో అమర్చిన దశావతార దారుఫలకములను చూచి రంగులు మిక్కిలి చక్కగా నున్నవని పలువురు మెచ్చుకొనుచున్నారు. ఆ రంగుల క్రింద ఏమున్నదని అడిగినవారు మాత్రము బహు స్వల్పము.

రంగు చెక్క మీద నేరుగా నిలువదు. చెక్కకును రంగునకును నడుమ కొన్ని పొరలు ఉండవలెను. ఆ పొరలను సిద్ధము చేయు పనిని మన పూర్వులు ఒక సంస్కారముగా ఎంచి, దానికి ప్రత్యేకముగ నామకరణము చేసి, గ్రంథములలో అధ్యాయములుగా వ్రాసి యుంచిరి. చిత్రము పది యేండ్లు నిలుచునా, నూరేండ్లు నిలుచునా అన్నది చిత్రకారుని కుంచె కంటె ముందుగా ఈ పొరలే నిర్ణయించును. నేడు మన ఫలకములపై వాడినవి అక్రిలిక్ వర్ణములు. ఇవి ఇరువదవ శతాబ్దమున పుట్టినవి. వర్ణము క్రొత్తదైనను, దానికి ముందు జరుగవలసిన సంస్కారము మాత్రము మిక్కిలి ప్రాచీనమైనది. ఆ చరిత్రను ఈ సంచికా ముఖమున తమకు విన్నవించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. వినిన పిమ్మట, దాతలు ఒసగిన ద్రవ్యములో కొంత భాగము కంటికి కనబడని పనికి ఎందులకు వినియోగింపవలసి వచ్చినదో తమకే బోధపడగలదు.

దారువు యొక్క స్వభావము

రాయి కదలదు, చెక్క కదలును. చెట్టును కొట్టి, కోసి, పలకగా చేసి, ఎన్ని యేండ్లు ఆరబెట్టినను ఆ కదలిక పూర్తిగా ఆగదు. వానకాలమున గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, వేసవిలో ఆ తేమను విడిచి కుంచించుకొనును. ఈ ఉబ్బుట, కుంచించుకొనుట అన్ని దిక్కులకు సమానముగ జరుగదు. చెట్టు నిలువున పెరిగిన దిక్కున, అనగా నార పొడవున, మార్పు లెక్కింపదగినంత ఉండదు. అడ్డముగా మాత్రము ఉండును. అందును చెట్టు నడిమి నుండి బెరడు వైపుగా జరుగు మార్పు కంటె, వలయముల వెంట జరుగు మార్పు సుమారు రెట్టింపు. పలక వంపు తిరుగుటకును, మూలలు లేచుటకును, నడుమ నెఱ్ఱె విచ్చుటకును ఇదియే కారణము.

ఈ స్వభావమును మన ప్రాచీనులు ఎరిగి యుండిరి. ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలో ప్రతిమకు వలయు చెట్టును గ్రహించుటకై అడవికి పోవు విధానమును ఒక అధ్యాయముగనే చెప్పెను. ఏ చెట్టు తగును, ఏది తగదు అని చెప్పుటతో నిలువక, చెట్టు నిలిచి యున్నప్పుడు దాని పైభాగమేది, క్రిందిభాగమేది, ఏ ముఖము ఏ దిక్కున కలదు అన్న గుర్తులను ముందే వేయవలెనని విధించెను. చెట్టు వనమున ఎట్లు నిలిచెనో ప్రతిమయు అట్లే నిలువవలెనని భావము. ఈ నియమమునకు ఆధ్యాత్మికమైన అర్థము ఉండనే యున్నది. వడ్రంగి దృష్టితో చూచినను ఇందులో మేలు కలదు. తల ఏది, మొదలు ఏది, నార ఎటు పోవుచున్నది అని ఎరిగిన పనివాడు పలకను తప్పుగా నిలుపడు.

దారువు విషయమున మన కంటి ఎదుట నిలిచిన మహోదాహరణము పూరీ క్షేత్రము. శ్రీజగన్నాథస్వామి వారి మూర్తులు వేపదారువుతో నిర్మితములు. 1996లోను, 2015లోను నవకళేబరోత్సవము జరిగి క్రొత్త దారువుతో మూర్తులు వెలసినవి. ఆ దారువుపై రంగు నేరుగా పూయరు. పట్టుదారములు, వస్త్రము, సర్జరసము మొదలగు వానితో పొరలు పొరలుగా కప్పి, ఆ పైననే వర్ణములు దిద్దుదురు. జ్యేష్ఠ పూర్ణిమనాడు 108 కలశములతో స్నానము జరిగినపుడు ఆ వర్ణములు కరగిపోవును. తదుపరి పదునైదు దినములు స్వామి దర్శనమీయరు. ఆ కాలమున లేపములను, వర్ణములను మరల సంస్కరింతురు. అంతవరకు భక్తులకు వస్త్రముపై వ్రాసిన చిత్రపటములే దర్శనీయములు. క్రింది పొర చక్కబడనిదే పై రంగు దర్శనమునకు అర్హము కాదన్న విషయమును ఆ క్షేత్రమున ఏటేట లోకము చూచుచున్నది.

శాస్త్రములలో భూమిబంధము

విష్ణుధర్మోత్తర పురాణము తృతీయ ఖండమునందలి చిత్రసూత్రము భారతీయ చిత్రకళకు మూలగ్రంథములలో నొకటి. వజ్ర మహారాజు అడుగగా మార్కండేయ మహర్షి చెప్పిన సంవాద రూపమున నున్నది. అందు నలుబదవ అధ్యాయము రంగుల తయారీని చెప్పుటకు ముందు భూమిని, అనగా చిత్రమునకు ఆధారమగు తలమును, సిద్ధము చేయు విధానముతో ఆరంభమగుచున్నది. అచ్చట చెప్పినది గోడ విషయము. మూడు విధములైన ఇటుకపొడి, అందు మూడవ వంతు మట్టి, గుగ్గులు, తేనెమైనము, బెల్లము, నూనె, కాల్చిన సున్నము, మారేడు గుజ్జు, ఇసుక మొదలగు వానిని కూర్చి, జిగురు గల బెరడు నానిన నీటిలో సుమారు నెల దినములు నానబెట్టవలెనని విధానము. ఇట్లు సిద్ధమైన తలముపై వ్రాసిన చిత్రము నూరేండ్లకును చెడదని ఫలశ్రుతి.

నెల దినములు అన్న మాటను తాము గుర్తుంచుకొనవలెను. ఆ గడువు మరియొక దేశమున మరల కనబడనున్నది.

పదునొకండవ శతాబ్దమున ధారానగరమును ఏలిన భోజ మహారాజు పేర వెలసిన సమరాంగణ సూత్రధారము చిత్రకర్మమునకు ఎనిమిది అంగములను చెప్పినది. అందు మొదటిది వర్తిక, అనగా గీయు పుల్ల. రెండవది భూమిబంధము. వర్ణకర్మము ఆ తరువాతనే వచ్చును. గోడకు ఒక తీరు, పలకకు ఒక తీరు, వస్త్రమునకు ఒక తీరుగా భూమిబంధమును వేరువేరుగ చెప్పుట ఆ గ్రంథము యొక్క విశేషము. రాతిగోడకు తగిన పూత చెక్కకు తగదన్న సంగతి వేయి సంవత్సరములకు పూర్వమే మన గ్రంథములకు ఎక్కినదన్నమాట.

తదుపరి శతాబ్దమున, నేటి కర్ణాటక రాష్ట్రమునందు బీదరు జిల్లాలో బసవకల్యాణముగా పిలువబడు కల్యాణి నుండి పాలించిన పశ్చిమ చాళుక్య ప్రభువు, భూలోకమల్ల బిరుదాంకితుడగు మూడవ సోమేశ్వరుడు, 1129 ప్రాంతమున మానసోల్లాసమును రచించెను. మన తెలంగాణ సీమకు పొరుగున పుట్టిన గ్రంథమది. అందు వజ్రలేపము అను బంకను వండు విధానము కలదు. ఎనుబోతు చర్మమును నీటిలో వెన్నవలె మెత్తబడు వరకు ఉడికించి, కడ్డీలుగా చేసి, ఎండబెట్టి దాచుకొనవలెను. వలసినపుడు మట్టిపాత్రలో నీరు పోసి కాచి కరగించి, తెల్లమట్టిలో కలిపి తలమునకు మూడు మారులు పూయవలెను. ఒక పూత ఆరిన పిదపనే మరియొక పూత. ఒక్కసారిగా మందముగ పూయుమని ఆ ప్రభువు చెప్పలేదు.

చర్మ సంబంధమైన ద్రవ్యము దేవాలయమున ఎట్లు గ్రాహ్యమగునని కొందరు ప్రశ్నింపవచ్చును. బృహత్సంహితలో వరాహమిహిరుడు చెప్పిన వజ్రలేపములలో మొదటిది కేవలము వృక్షసంబంధమైనది. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగ పూవులు, అందుగు గింజలు, వస మొదలగు వానిని నీటిలో కాచి, ఎనిమిదవ వంతుగా మిగిల్చి, గుగ్గులు, నల్లజీడి, సర్జరసము, అవిసె, మారేడు మున్నగు వానిని చేర్చవలెనని అందు కలదు. దేవాలయములకును, మేడలకును, ప్రతిమలకును ఇది వాడదగునని, కోటి యేండ్లు నిలుచునని ఆచార్యుని స్తుతి. జంతుసంబంధమైన బంక ఒకటి, వృక్షసంబంధమైన బంక ఒకటి, ఈ రెండు మార్గములును మన సంప్రదాయమున పూర్వము నుండి కలవని దీనిచే తెలియుచున్నది.

ఇతర దేశముల వాడుక

ఈ జ్ఞానము మన దేశమునకే పరిమితమైనదని తలపరాదు. రోమక ప్రభుత్వ కాలమున, అనగా క్రీస్తు శకము మొదటి మూడు శతాబ్దములలో, ఈజిప్టు దేశమున మృతుల ముఖచిత్రములను పలుచని పలకలపై వ్రాసి భద్రపరచిన మృతదేహములతో కూడ నుంచిరి. ఫయ్యూము చిత్రములని ప్రసిద్ధి గన్న ఆ పలకలు సుమారు 900 నేటికిని మిగిలి యున్నవి. కొన్నిటియందు రంగును తేనెమైనముతోను, కొన్నిటియందు జంతుబంకతోను కలిపిరి. దాదాపు రెండు వేల యేండ్ల తరువాతను ఆ కన్నులు మనలను చూచుచున్నట్లే యుండును. అచ్చటి పొడిగాలి చేసిన మేలు అందు చాల కలదు. మన కోస్తా తీరపు ఉప్పుగాలికి ఆ భాగ్యము లేదు గాన మనకు జాగ్రత్త మరింత అవసరము.

1400 ప్రాంతమున ఇటలీ దేశీయుడగు చెన్నినో చెన్నిని చిత్రకారులకై ఒక కరదీపిక రచించెను. అందు పలకను సిద్ధము చేయు క్రమము వంటవాడు పాకమును చెప్పినంత వివరముగ నున్నది. మొదట బంకనీరు పూయవలెను. తరువాత పలుచని పాత నారవస్త్రపు పేలికలను బంకలో తడిపి పలకపై అతికింపవలెను. పిమ్మట ముతక సుద్దపూత, ఆ పైన మెత్తని సుద్దపూత. ఈ సుద్దపూతకే జెస్సో అని పేరు. మెత్తని పూతకు వలయు సుద్దను తొట్టిలో నీటితో నెల దినములకు తక్కువ కాకుండ నానబెట్టి, దినదినము కలుపుచుండవలెనని అతడు చెప్పెను. ఆ పూతలు ఎనిమిదికి తగ్గరాదనెను. చిత్రసూత్రమున నెల, ఇటలీ దేశమున నెల! ఒకరి గ్రంథము నొకరు చూచి యుందురని నేను అనను. ద్రవ్యముల స్వభావము ఒక్కటియే గాన ఓర్పు గల పనివాండ్రు ఎచ్చటనైనను ఒకే తీరమునకు చేరుదురని మాత్రము అనవచ్చును.

వస్త్రమును అతికించుట ఎందులకు? చెక్క కదలినపుడు పై సుద్దపూత బీటలు వారకుండ ఆ కదలికను నడుమ నిలిచి ఓర్చుకొనునది వస్త్రమే. అయినను చెక్క తన స్వభావమును పూర్తిగా విడువదు. లియొనార్డో డావిన్చి 1503 ప్రాంతమున మొదలిడిన మోనాలీసా చిత్రము 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక పోప్లారు పలకపై వ్రాయబడినది. ఆ పలకకు పై అంచు నుండి క్రిందికి దిగిన ఒక నెఱ్ఱె కలదు. ప్యారిసు నగరమున నేడు గాలిలోని తేమ మారకుండ ప్రత్యేకమైన గాజుపేటికలో దానిని కాపాడుచున్నారు. అంతటి చిత్రమునకే అంతటి కాపుదల వలసినపుడు, హారతి వేడిమికిని, వానజల్లునకును ఎదురుగ నుండు మండప ఫలకముల మాట చెప్పవలయునా?

తెలుగువారి చేతిపనులలో ఇదే క్రమము

తంజావూరు చిత్రములను ఎరుగని భక్తులు ఉండరు. పనసచెక్క గాని టేకు గాని పలకగా గ్రహించి, దానిపై నూలువస్త్రమును బంకతో అతికించి, సుద్దపొడిని బంకతో కలిపి పూతలు పూసి, ఆరిన పిదప నున్నగా రుద్ది, అటు పిమ్మటనే గీతయు, ఉబ్బెత్తు పనియు, బంగారు రేకును. తమిళమున ఈ చిత్రములకు పలక చిత్రమన్న అర్థము గల పేరు ఒకటి కలదు. తంజావూరును ఏలిన నాయకరాజులు తెలుగువారు. అటు పిమ్మట రెండవ శరభోజి మహారాజు కాలమున, అనగా 1798 నుండి 1832 వరకు, మరాఠా ఆస్థాన ఆదరమున ఈ కళ మిక్కిలి వెలుగొందినది. తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములలో దీనిని వంశక్రమముగ కాపాడినవారిలో తెలుగు మాటాడు రాజుల కుటుంబములు ముఖ్యమైనవి. కావున ఆ పలక సంస్కారమున తెలుగువారి చేయియు కలదని మనము సంతోషింపవచ్చును.

కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కఱ్ఱ వాడుదురు. ఆ కఱ్ఱను సన్నని వేడిమిపై కాచి లోని తేమను తీసివేయుదురు. అతుకులకును, ఆకృతి దిద్దుటకును చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కును వాడుదురు. అది ఆరిన పిదప సున్నపు పూత, అటుపై రంగు. నిర్మల పట్టణపు పనివారును అదే పొణికి కఱ్ఱకు పూతవేసి నున్నచేసిన పిమ్మటనే వర్ణములు దిద్దుదురు. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు వస్త్రమునకు గంజి, చింతగింజల జిగురు, తెల్లసుద్ద పూసి పటమును సిద్ధపరతురు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వస్త్రమును కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండబెట్టనిదే కలమును ఎత్తరు. అట్లు చేయనిచో రంగు వస్త్రమున చెదరిపోవును. చెక్క, గుడ్డ ఏదైనను, రంగు ముట్టుటకు ముందు దానికొక సంస్కారము జరుగవలెనన్న నియమమును మన పల్లెల పనివారు ఏ గ్రంథమును చదువకయే పాటించుచు వచ్చిరి.

అక్రిలిక్ వర్ణముల పుట్టుక

ఇక నేటి వర్ణముల సంగతి. జర్మనీ దేశీయుడగు ఓటో రోమ్ 1901లో అక్రిలిక్ పదార్థములపై తన పరిశోధన గ్రంథమును సమర్పించెను. ఆ పదార్థము 1930ల నాటికి గాజువంటి పారదర్శకమైన రేకుగా బజారునకు వచ్చినది. దానిని నీటిలో సూక్ష్మబిందువులుగా నిలుపు విద్య 1950లలో కుదిరి, మొదట ఇండ్ల గోడల రంగుగను, ఆ దశాబ్దపు మధ్యభాగమున అమెరికాలోని సిన్సినాటి నగరమున హెన్రీ లెవిసన్ కృషిచే చిత్రకారుల వర్ణముగను వెలువడెను. పలకపై పూయుటకు వలయు నీటి అక్రిలిక్ జెస్సోయు ఆ కాలముననే వచ్చినది.

ఇది పనిచేయు తీరు సులభముగ తెలియును. నీటిలో తేలు అక్రిలిక్ బిందువుల నడుమ రంగుపొడి యుండును. నీరు ఆవిరియై పోగానే ఆ బిందువులు ఒకదానినొకటి ఒత్తుకొని, కరగి కలిసినట్లుగా ఒక పొరగ ఏర్పడును. ఒకసారి ఏర్పడిన పిదప ఆ పొర మరల నీటిలో కరగదు. సాగు గుణము గలది గాన చెక్కతో కూడ కొంత కదలగలదు. పాత జెస్సో సుద్ద, జంతుబంకల కలయిక. గట్టిది, పెళుసైనది. క్రొత్త జెస్సోలో సుద్దయు, టైటానియం తెలుపును, అక్రిలిక్ బంకయు కలవు. పేరు పాతది, ద్రవ్యము క్రొత్తది. ఇందలి బంకకు జంతుచర్మముతో పనిలేదన్నది ఆలయ విషయమున ఒక సౌకర్యము.

నేటి విధానము

పై చరిత్రను అనుసరించి మన ఫలకములకు జరిగిన పనిని క్రమముగ విన్నవించెదను. ఇతర గ్రామముల ఆలయములవారికి ఇది ఉపయోగపడగలదు.

మొదటిది పలకను ఎన్నుకొనుట. వెడల్పైన చిత్రమునకు ఒకే కోత పలక కంటె, పొరలను అడ్డముగను నిలువుగను మార్చి అతికించిన ప్లైవుడ్ మేలు. ఒక పొర కదలబోయినను ప్రక్క పొర దానిని పట్టి నిలుపును. అందును ఐ.ఎస్. 710 ముద్ర గల మెరైను రకము నీటికిని, చెదపురుగునకును ఎక్కువగ ఓర్చును. టేకు పలకయే వాడదలచినచో అది చక్కగా ఆరినదై యుండవలెను. టేకులో సహజముగ నూనె యుండుట చేత పై పూత పట్టుకొనుట కష్టము గాన పూతకు ముందు స్పిరిటుతో తుడువవలెను.

రెండవది రుద్దుట. 120 నెంబరు ఉప్పుకాగితముతో మొదట, 220 నెంబరుతో పిదప, నార వెంట మాత్రమే రుద్దవలెను. అంచుల పదును తీయవలెను. పదునైన అంచున రంగు మొదట పెచ్చు లేచును. దుమ్మును గుడ్డతో పూర్తిగా తుడువవలెను.

మూడవది మూయుట. పలువురు విడిచిపెట్టునది ఈ మెట్టే. అక్రిలిక్ జెస్సోలో నీరు కలదు. ఆ నీరు చెక్కలోనికి ఇంకి, లోని గోధుమవన్నె పదార్థములను కరగించుకొని, ఆరునపుడు వానిని పైకి తెచ్చును. తేయాకు డికాషను తెల్లగుడ్డపై ఒలికినట్లు కొన్ని దినములలో తెల్లని పూత పసుపువారును. ముడులున్న చోట మరింత ఎక్కువ. దీనిని నివారించుటకు పారదర్శకమైన అక్రిలిక్ ద్రావణమును రెండు పూతలు పూసి, ఒక దినము ఆరనీయవలెను. ముందు వైపునకే గాక వెనుక వైపునకును, నాలుగు అంచులకును పూయవలెను. ఒక ప్రక్కనే పూసినచో రెండవ ప్రక్క తేమ పీల్చి పలక విల్లువలె వంగును. చెన్నిని చెప్పిన బంకనీటి పనియు, మన వజ్రలేపపు పనియు ఇదియే.

నాలుగవది వస్త్రము. ప్లైవుడ్ పై ఇది తప్పనిసరి కాదు. అతుకులున్న పలకపై మాత్రము పలుచని నూలుగుడ్డను అక్రిలిక్ ద్రావణముతో ముడుతలు లేకుండ అతికించుట మంచిది. మన ఫలకములకు అతికించితిమి.

ఐదవది జెస్సో. మందముగ ఒక్క పూత పూయుట కంటె పలుచగ నాలుగు పూతలు మేలు. ఒక పూత నిలువుగను, మరియొకటి అడ్డముగను పూయవలెను. నీరు కలుపవలసినచో నాలుగవ వంతునకు మించరాదు. మించినచో బంక పలుచనై సుద్ద రాలును. పూతకు పూతకు నడుమ బాగుగ ఆరనిచ్చి, 320 లేక 400 నెంబరు ఉప్పుకాగితముతో సుతారముగ రుద్దవలెను. మరీ అద్దమువలె నున్నచేయుటయు తగదు. రంగు పట్టుకొనుటకు కొంత గరుకుదనము ఉండవలెను. కడపటి పూత పిదప మూడు దినములు ఆగి రంగు ఎత్తవలెను.

చేయరానివి రెండు కలవు. గోడలకు వాడు సిమెంటు లప్పమును చెక్కపై పూయరాదు. గోడ కదలదు గాన ఆ లప్పము గోడపై నిలుచును, చెక్క కదలును గాన దానిపై బీటలు వారును. నూనె ఎనామెలు పూసిన నిగనిగలాడు తలముపై అక్రిలిక్ పూయరాదు. అది పట్టుకొనదు. ఒకానొక ఆలయమున ఈ రెండును జరుగుట నేను చూచితిని. సంప్రోక్షణ దినమున ఆ చిత్రములు కన్నులు చెదరునట్లుండెను. రెండవ వర్షకాలమునకు స్వామి ముఖము మీది రంగు పెచ్చులుగా అర్చకుని పళ్లెరమున పడజొచ్చెను. దానికై ద్రవ్యమిచ్చిన వృద్ధదంపతులు దర్శనమునకు వచ్చి, తలయెత్తి చూచి, మారుమాటాడక వెడలిపోయిరి. ఆ నష్టము ధనముతో తీరునది కాదు.

భక్తులకు, దాతలకు విన్నపము

మన ఆలయమున పలకలకు రంగు ముట్టుటకు ముందు పక్షము దినములు ఈ సంస్కారములతోనే గడచినవి. ఆ దినములలో ఒక దాత వచ్చి, "స్వామీ, పదిహేను రోజులైంది, ఇంకా తెల్ల సుద్దేనా? మా అవతారం ఎప్పుడు కనపడుతుందండీ?" అని అడిగిరి. వారి ఆత్రుత న్యాయమైనదే. పూసిన పూతను, మూసిన వెనుక వైపును చూపి కారణము చెప్పగా, వారే మరునాడు వచ్చి మిగిలిన పలకల వస్త్రమునకు వలయు ద్రవ్యమును వేరుగ ఒసగిరి. ఆ ద్రవ్యమునకు చిత్రముపై పేరు వ్రాయుటకు తావు లేదు. వారు అడుగనును లేదు.

చిత్రములు నిలుచుట ఇక మన అందరి చేతిలో నున్నది. అక్రిలిక్ పొర వేడిమికి మెత్తబడును, మెత్తబడినపుడు మసిని పట్టుకొనును. ఆ కారణముననే చిత్రములపై వలసినపుడు తీసి మరల పూయదగిన వార్నిష్ పూయించితిమి. దీపములను, కర్పూర హారతిని ఫలకములకు దగ్గరగ నుంచరాదు. చిత్రములలోని మూర్తుల పాదములకు పసుపు, కుంకుమ, నూనె అద్దుట భక్తిచేతనే యైనను దయచేసి మానవలెను. ఆ నూనెను తుడుచునపుడు రంగును పోవును. నమస్కారము కన్నులతో చేసినను స్వామికి చేరును.

మరియొక మాట. తమ గ్రామములలో జీర్ణోద్ధరణము జరుగునపుడు పాత దారుఫలకములు గాని, వాహనముల పలకలు గాని రంగు వెలిసి కనబడినచో, వెంటనే గీకి క్రొత్త రంగు పూయింపకుడు. ఆ క్రింద నూరేండ్ల నాటి పనివాని చింతగింజల పూతయు, సుద్దయు, గీతయు ఉండవచ్చును. ఒకసారి గీకినది మరల రాదు. ముందుగా పురావస్తు శాఖవారికి గాని, చిత్ర సంరక్షణమున నిపుణులైన వారికి గాని చూపి, వారి మాటపై నడచుట శ్రేయస్కరము. క్రొత్త చిత్రము కావలెనన్న కోరిక గలచో క్రొత్త పలకపైననే వ్రాయింపవచ్చును.

మన ఫలకములలో ప్రతిదాని వెనుక వైపున, అది ఏ చెక్కయో, ఏ ద్రావణము ఎన్ని పూతలో, వస్త్రము కలదో లేదో, జెస్సో ఎన్ని పూతలో, ఏ తిథినాడు పని జరిగినదో తెలుగున వ్రాయించితిమి. భక్తులకు అది కనబడదు. పండ్రెండేండ్లకు మరల బాలాలయము కట్టి, ఈ పలకలను దించి, వెనుకకు త్రిప్పి చూచు నాటి పనివానికిని, నాటి అర్చకునికిని అది కనబడును. అప్పటికి పైరంగు కొంత మాసినను, క్రింది భూమి చెక్కు చెదరక యున్నచో వారు దానిని కడిగి వార్నిష్ మార్చిన చాలును. మరల మొదటి నుండి ద్రవ్యము వెచ్చింపవలసిన భారము తమ బిడ్డలపై పడదు.